ముంచి తీసిన పెట్రోలు

సాలూరు లారీల వెనక 'తాగి బండెక్కకు, ఇంటి దీపం ఆర్పకు' అని ఎక్కడ కనబడినా అది కృపానిధి చేతిరాతే అనుకోవచ్చు. ఆ రాతకు అతను డబ్బు తీసుకోడు. బండి నంబరుకీ, ఓనరు పిల్లల పేర్లకీ, తలుపుల మీద తామరపువ్వులకీ తీసుకుంటాడు గాని, మందు మానమన్న మాట మాత్రం ఊరికే రాసిపెడతాడు. ఊరికే వచ్చినదానికి లోకంలో ఎంత విలువో ఆ మాటకూ అంతే. రంగు తడి ఆరకముందే అదే లారీ నీడలో కూర్చుని సీసా మూత తిప్పిన డ్రైవర్లున్నారు. అక్షరాలు గుండ్రంగా వచ్చాయని మెచ్చుకుంటూ మరీ తాగారు.

కృపానిధి ఏడో తరగతితో బడి మానేశాడు. బడే తనను మానేసిందని అతనంటాడు. బాప్టిస్టు సంఘంలో పెద్ద. మద్యం మీద మాట్లాడమని పాస్టరుగారు అతన్ని పిలిచేది ఎప్పుడూ భోజనాల ముందే, జనం చెవులు గరిటెల చప్పుడు మీద ఉన్నప్పుడే. ఇన్నేళ్ళ ప్రసంగాలకు ఒక్కడంటే ఒక్కడు మానలేదు. ఒక్కడి చేత మానిపించినా కోడి కోసి వండుతానని భార్య ఎలీసమ్మ ఎప్పుడో మాటిచ్చింది. ఆ ఇంట్లో కోళ్ళు నిశ్చింతగా ముసలివయ్యాయి.

అతని మాట విన్నది ఒక్క బుల్లెట్టు బండే. మిషన్ ఆసుపత్రిలో డ్రైవరుగా చేసిన తండ్రి, అక్కడ పాత బండ్లు తీసేసినప్పుడు కొనుక్కున్నది. తండ్రి చుక్క ముట్టని మనిషి. ఆయన పోయాక కృపానిధి మంచి బ్రష్షు తీసి, ట్యాంకు మీద తెల్లరంగుతో రాశాడు: 'ఈ బండి తాగదు, తాగినోణ్ని మొయ్యదు.' తాగి ఉన్నా ధర్మేంద్రను మాత్రం మోసేది. మెకానిక్కు ఆ లెక్కలోకి రాడని ఇద్దరూ ఒప్పుకున్నారు.

ధర్మేంద్రది బైపాసు పక్కన రేకుల షెడ్డు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. కులం వేరు, మతం వేరు, అయినా బావా అంటే బావా. ఆ వేసవిలో ధర్మేంద్రకు కామెర్లు వచ్చాయి. విజయనగరం ఆసుపత్రిలో పడుకుని లేచాడు. మళ్ళీ ముట్టుకుంటే తన దగ్గరికి రావద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ధర్మేంద్ర ఆ మాట తప్పలేదు. మళ్ళీ ముట్టుకున్నాడు, ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు.

అప్పుడు అతని భార్య ఈశ్వరి కృపానిధి రంగులడబ్బాల దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడవలేదు.

"లారీల మీద రాసింది సాలు అన్నియ్యా," అంది. "నా ఇంటిమీద రాయి."

ఆ మాట కృపానిధికి ముల్లులా గుచ్చుకుంది. ఊరందరికీ చెప్పగలిగినవాడు ఆ ఒక్కడికి చెప్పలేకపోవడానికి కారణం ఉంది. చెప్పినప్పుడల్లా ధర్మేంద్ర నవ్వేవాడు. నవ్వేవాడికి ప్రసంగం చెయ్యడం, వానలో సున్నం వెయ్యడం ఒకటే.

అంతకుముందే బుల్లెట్టు సుంకి ఘాటు కొండదారి ఎక్కడానికి ఆపసోపాలు పడుతోంది. ఘాటు మీది పల్లెల్లో ప్రార్థనలకు కృపానిధి దాని మీదే వెళ్ళాలి. ధర్మేంద్ర ఇంజను విప్పి, అరిగిపోయిన సిలిండరు బోరు కొట్టించి, కొత్త పిస్టన్ వేశాడు. పాతదానికన్నా తల ఎత్తుగా ఉన్న పిస్టన్, దాంతో ఇంజన్లో బిగువు పెరుగుతుంది, కొండెక్కేటప్పుడు లాగుడు బాగుంటుంది. ఆయిలు పంపు మార్చాడు. ప్లగ్గుకు నిప్పందించే పాయింట్లు తీసేసి, వాటి చోట ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాడు. కాలం మారింది, మనమూ మారాలి అన్నాడు. పాయింట్ల మధ్య సందు వెంట్రుకవాసి కొలతలో పెట్టాలి. పొద్దున పూట ధర్మేంద్ర చేతులు ఎలా వణుకుతున్నాయో కృపానిధి చూశాడు. చూసి, కాలం మారిందనే అన్నాడు.

బండి పులిలా తయారైంది. పులి నెల తిరక్కుండా దగ్గడం మొదలెట్టింది. ఎర్రటెండలో, ఎక్కడో కాదు, సరిగ్గా మందు దుకాణం ముందు ఆగిపోయింది. సంఘ పెద్ద అక్కడ నిలబడి కిక్కు కొడుతుంటే చూసినవాళ్ళు చూశారు, చూడనివాళ్ళకు చెప్పారు. చెమటలు కక్కుతూ బండిని షెడ్డుదాకా నడిపించుకొచ్చాడు.

ధర్మేంద్ర కార్బురేటరు విప్పి, ఉబ్బి మెత్తబడిన రబ్బరు ముక్కను అరచేతిలో పెట్టి చూపించాడు.

"నీ బండి తాగుతన్నాది బావా."

"పెట్రోలు తాగక మజ్జిగ తాగుతాదేటి?"

"పెట్రోల్లో సారా కలుపుతన్నారు. సెరుకు సారా, ఇథనాలంటారు. బంకులో బోర్డున్నాది, రాతగాడివి కదా, సదువుకోనేదా?"

కృపానిధి నమ్మలేదు. ధర్మేంద్ర ఖాళీ నీళ్ళసీసాలో అడుగున కాసిని నీళ్ళు పోసి, గీత గీసి, పైన పెట్రోలు పోసి బాగా కుదిపి బల్ల మీద పెట్టాడు. కాసేపటికి పెట్రోలు పైకి తేలింది, నీళ్ళు కిందికి దిగాయి. దిగిన నీళ్ళు గీత దాటి ఉన్నాయి. నీళ్ళు పెరగవు కదా, పెట్రోల్లో ఉన్న సారా నీళ్ళలోకి వచ్చేసిందన్నమాట.

కృపానిధి ట్యాంకు మీది అక్షరాల వైపు చూశాడు. ధర్మేంద్రా అటే చూశాడు. చూసి ఎంత నవ్వాడంటే, నిలబడలేక పాత టైరు మీద కూలబడ్డాడు. జేబులోంచి నూనె గుడ్డ తీసి, పరువు పోకుండా ఆ అక్షరాల మీద కప్పాడు కూడా.

కృపానిధికి ఒళ్ళు మండిపోయింది. మనుషులు మోసం చేస్తారని తెలుసు, బండి కూడానా? ఆ సారా సంగతి తాను చూస్తానని, బండిచేత మానిపించి తీరతానని అన్నాడు. ధర్మేంద్ర కళ్ళు తుడుచుకున్నాడు.

"సరే బావా. సుక్క సారా నేకుండా సుంకి ఘాటు పైదాకా ఎక్కించు. అది మానిన్నాడు నానూ మానేస్తాను."

అప్పుడే ఈశ్వరి అన్నం క్యారేజీ పట్టుకుని షెడ్డులోకి వచ్చింది. క్యారేజీ బల్ల మీద పెట్టి, "నాను ఇన్నాను," అని వెనక్కి వెళ్ళిపోయింది. ధర్మేంద్ర నవ్వు అక్కడితో ఆగింది.

మర్నాడు కృపానిధి పెరట్లో పని మొదలెట్టాడు. ఎలీసమ్మ ముందుగా పొయ్యి ఆర్పి వచ్చి, అరుగు మీద కూర్చుంది. అతను పెద్ద తెల్లటి డబ్బాలో నీళ్ళూ పెట్రోలూ పోసి, మూత బిగించి, పసిపిల్లను ఊపినట్టు ఊపి, నీడలో దించాడు. నీళ్ళు అడుగుకు దిగాక, పైన తేరిన పెట్రోలును వేరే డబ్బాలోకి వంచాడు. నీటి బొట్టు కూడా రాకుండా వడకట్టడానికి ఇంట్లో అంత సన్నని గుడ్డ ఒకటే ఉంది, ఆదివారం భుజాన వేసుకునే పొందూరు ఖద్దరు కండువా. ఎలీసమ్మ చూస్తూ ఊరుకుంది. ఆమె ఊరుకుంటే తర్వాత ఎక్కువవుతుందని అతనికి తెలుసు.

"పెట్రోలుకి బాప్తిస్మం ఇస్తన్నావేటి?" అంది చివరికి.

"అలాగే అనుకో."

"తల మునిగేలా ముంచినావా మరి? సగం ముంచితే మన సంఘంలో సెల్లదు."

అతను నవ్వలేదు గాని, మళ్ళీ ఓసారి ముంచాడు.

ఆదివారం ఆరాధనలో అతని చుట్టూ ఎవరూ కూర్చోలేదు. కండువా వాసనకు పాస్టరుగారు కూడా ప్రార్థన పొట్టిగా ముగించారు. అది మాత్రం మేలే అని కొందరన్నారు.

సోమవారం ఎండ ముదరకముందే ఘాటుకు బయల్దేరారు. కృపానిధి నడుపుతున్నాడు, ధర్మేంద్ర వెనక కూర్చున్నాడు. ఓడితే అక్కడే పారబోస్తానని క్వార్టరు సీసా ఒకటి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, గెలిస్తే ఏం చేస్తాడో చెప్పనక్కర్లేదు. బండి చదును రోడ్డు మీద సాఫీగా పోయింది. పందెం ఓడితే నామర్దా ఒక్కటే అయితే కృపానిధి భరించేవాడు. అది అలవాటే. వెనక కూర్చున్న మనిషి బరువు, కామెర్ల ముందున్న బరువులో సగం లేదు. అదే అతని వీపుకు తెలుస్తోంది.

ఘాటు మొదలైంది. రెండు మలుపులు దర్జాగా ఎక్కింది. తర్వాత ఇంజన్లోంచి, రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు చప్పుడు మొదలైంది. కృపానిధి విననట్టు గొంతెత్తి కీర్తన అందుకున్నాడు. చప్పుడు పెరిగింది, అతనూ గొంతు పెంచాడు. ఎదురొస్తున్న లారీ డ్రైవరు తనను తప్పుకోమనే పాడుతున్నారేమోనని పక్కకు తప్పుకున్నాడు.

వెనక ధర్మేంద్ర నవ్వుతాడనుకున్నాడు. ధర్మేంద్ర నవ్వలేదు. చప్పుడు వచ్చినప్పుడల్లా దెబ్బ తనకు తగిలినట్టు ముడుచుకుపోతున్నాడు.

"ఆపు బావా."

"ఇంకెంత, పైనే కదా. ఎక్కనీ."

"పిస్టన్ కొట్టుకుంటన్నాది. ఆపమన్నానా."

ఆపాడు. ధర్మేంద్ర దిగి, కాలిపోతున్న ఇంజను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తప్పు తనదే అన్నాడు. కొండ కోసమని బిగువు పెంచాడు, ఆ బిగువుకు ఘాటైన పెట్రోలు కావాలి. సారా తీసేస్తే పెట్రోలు చప్పబడింది, నిప్పు రాకముందే లోపల దానంతట అదే అంటుకుంటోంది. నిప్పు పడే సమయం కాస్త వెనక్కి జరిపితే సర్దుకుంటుందేమో చూస్తానని, పక్క మూత తీసి స్క్రూడ్రైవరు పెట్టాడు. స్క్రూడ్రైవరు గాడిలో నిలవలేదు. ఎడం చేత్తో కుడిచేతిని పట్టుకుని తిప్పాడు. చిన్న స్క్రూ ఊడి, రోడ్డు మీద గెంతి, గడ్డిలోకి పోయింది.

కృపానిధి వంగి వెతికి, దాన్ని తీసుకొచ్చి అరచేతిలో పట్టుకున్నాడు. ప్రసంగానికి అంత మంచి చోటు అతనికి జన్మలో దొరకలేదు. గరిటెల చప్పుడు కూడా లేదు. స్క్రూ ధర్మేంద్ర చేతిలో పెట్టాడు.

"పాయింట్లు తీసింది కాలం మారిందని కాదు బావా," అన్నాడు ధర్మేంద్ర.

"తెలుసు."

ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని కృపానిధి, పెట్రోలుకు ఘాటు తగ్గిందంటున్నావు, ఆ జేబులో సీసా ట్యాంకులో పోసేద్దామా అన్నాడు.

ధర్మేంద్ర అదిరిపడ్డాడు. "పిచ్చేటి నీకు? ఈ దరిద్రాన్ని ఇంజన్లో పోస్తారేటి? ఇందులో ఏటేటి కలుపుతారో ఎవుడికి తెలుసు. నోపలంతా తుప్పట్టిపోతాది."

అన్నాక, తను అన్న మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు. సీసా తీసి వెలుతురుకు పట్టి, ఉబ్బిన రబ్బరును చూసినట్టే చూశాడు. మూత తిప్పి, రోడ్డు పక్క రాళ్ళలోకి వంచేశాడు.

"నాను గెలవనేదు," అన్నాడు కృపానిధి నిజాయితీగా. "బండి పైకి ఎక్కనేదు."

"అది మానితే సస్తాది బావా. నాను మానకపోతే సస్తాను. నెక్క సరిపోనేదేటి? దానికి దాని మందు పోయించు. నాకొద్దు."

ఖాళీ సీసా మాత్రం పారెయ్యనివ్వలేదు కృపానిధి. బ్రష్షులు కడిగే టర్పెంటైనుకు పనికొస్తుందని సంచిలో వేసుకున్నాడు. స్క్రూ బిగించి, ఇంజను ఆపే ఉంచి, బండిని ఘాటు కిందికి వదిలారు. చప్పుడు లేకుండా, గాలి మీద, నడివయసు మగాళ్ళిద్దరూ మలుపు మలుపుకూ ఒకవైపే ఒరుగుతూ సైకిలు దొంగిలించిన పిల్లల్లా దిగారు. కిందున్న బంకులోకి ఆ ఊపులోనే జారుకున్నారు. కడిగిన పెట్రోలు డబ్బాలోకి వంపేశాక, గొట్టం పట్టుకున్న అమ్మాయితో ధర్మేంద్ర నింపమన్నాడు.

"నిండా కొట్టమ్మా. నా వంతు కూడా దానికే."

చెప్పినంత సుఖంగా జరగలేదు. మొదటి రోజులు ధర్మేంద్ర రేకులు ఎగిరిపోయేలా అరిచాడు. ఈశ్వరి భయపడి అతన్ని పాత డాక్టరు దగ్గరికే లాక్కెళ్ళింది. డాక్టరు మందులిచ్చాడు, తిట్లు ఉచితంగా ఇచ్చాడు. పొద్దుగూకే వేళకు కృపానిధి షెడ్డుకొచ్చి టైరు మీద కూర్చునేవాడు. ప్రసంగం చెయ్యకూడదని ఈశ్వరి షరతు. ఆ వేళ గడవడానికి ఇద్దరూ బండి మీద పడ్డారు. సారాకు ఉబ్బని కొత్తరకం రబ్బర్లు, కొత్త పైపు, పెట్రోలు కుళాయికి కొత్త వాషర్లు, కార్బురేటరులో పెట్రోలు వదిలే కాస్త పెద్ద జెట్టు ఒక్కొక్కటే మార్చారు. ఒకే రేకుల కింద మనిషి మానడమూ, బండి అలవాటుపడడమూ పక్కపక్కనే జరిగాయి.

వానలు పట్టేసరికి ధర్మేంద్ర ఎలక్ట్రానిక్ సామాను విప్పి బల్లమీద పెట్టి, దాచుంచిన పాత పాయింట్లు మళ్ళీ బిగించాడు. చేతికి పని లేకపోతే తోచడం లేదన్నాడు. ఈశ్వరి తలుపు దగ్గర నిలబడి ఆ చేతుల్నే చూస్తోంది. సందు కొలిచే పలచటి రేకు పాయింట్ల మధ్య దూరి, నిలబడి, బయటికి వచ్చింది. వణుకు లేదు.

అదే వేళకు కృపానిధి ట్యాంకు ముందు చతికిలబడి, పాత అక్షరాలు గీకేసి కొత్తవి రాస్తున్నాడు: 'తాగేది నేనొక్కదాన్నే.' పక్కన క్వార్టరు సీసాలో టర్పెంటైను. ఎలీసమ్మ కోడికూర గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. ఇన్నేళ్ళకు కోసిన కోడి, ఉడకడానికి పొద్దంతా పట్టిందట. ఆ వాసనకో, ఆ చేతులు చూసినందుకో గాని, చివరి అక్షరం దగ్గర కృపానిధి బ్రష్షు పక్కకు జారి, ఏత్వం వంకర పోయింది.

ధర్మేంద్ర తల తిప్పి అక్షరాన్ని చూశాడు, క్వార్టరు సీసాను చూశాడు.

"సెయ్యి వణుకుతన్నాదేటి బావా," అన్నాడు. "ఏటి, తాగినావా?"