మూరెడు సందు

ఎర్రన్న నైలాన్ దారం కొసను నోట్లో తడిపి దబ్బనం బెజ్జంలోకి ఎక్కించాడు. నైలాన్‌కు తడి అక్కర్లేదు. ఇరవై ఒక్క ఏళ్లు జనపదారంతో బస్తాలు కుట్టినవాడు గనుక దారం పట్టుకోగానే నాలుక తనంతట తానే ముందుకొస్తుంది.

పొద్దున తొమ్మిది దాటింది. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఒక నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్ డాబా మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. అతని ముందు డక్టు నోరు తెరుచుకుని ఉంది. నీళ్ల గొట్టాలు దిగడానికి వదిలిన, బావిలాంటి ఇరుకు జాగా అది. పావురాలు పైనుంచి అందులోకి దిగి గొట్టాల వంపుల మీద పుల్లలు పేర్చుకుంటాయి. వాటిని రానీయకుండా పైన వల కప్పడం ఎర్రన్న పని.

తక్కిన పనివాళ్లు వలను ప్లాస్టిక్ పట్టీలతో బిగించి గంటలో దిగిపోతారు. ఎండకు ఆ పట్టీలు ఏడాదికే పెళుసెక్కి తెగుతాయి. ఎర్రన్న మాత్రం వల కన్నులను ఒక్కొక్కటిగా అంచు తీగకు కుడతాడు. ఈ పనులు ఒప్పుకుని మనుషులను పంపే రాజశేఖర్ అది చూసి నవ్వుతాడు. "నెట్ కట్టమంటే చీరెకు అంచు కుడ్తవేందే అన్నా" అంటాడు. ఎర్రన్న తరువాతి కన్నులోకి దబ్బనం దించుతాడు. అతను కుట్టిన వలల్లో ఒక్కటి కూడా ఇంతవరకు వేలాడలేదు.

పొట్టి మనిషి. బక్క పలచని మెడ. మోచేతుల దగ్గర దారాలు తేలిన ఖాకీ చొక్కా. కుడి బొటనవేలి మీద దబ్బనం నొక్కి నొక్కి పడిన గుంటలో చింతగింజ పడుతుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో, లారీలకెక్కించేటప్పుడు కొక్కెం తగిలి చినిగిన బస్తాలన్నీ అతని దగ్గరికే వచ్చేవి. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజు అందరూ గేటు దగ్గర అరుస్తుంటే అతను దబ్బనం జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు. అది ఫ్యాక్టరీ సొత్తు. భార్య రాధాబాయి అదే మాట అంటే, "ఇయ్యనన్ననా? ఫ్యాక్టరీ తెరిచి అడుగుమను, ఇస్త" అన్నాడు. ఎవరూ తెరవలేదు, ఎవరూ అడగలేదు.

నాలుగో వైపు మూరెడు మిగిలింది. ఎర్రన్న దబ్బనం ఆపి, బోర్లా పడుకుని, తల లోపలికి పెట్టి చూశాడు. మూతి కుట్టే ముందు లోపల చూడాలని ఫ్యాక్టరీలో మొదటి రోజే నేర్పారు. బస్తాల దగ్గర ఎన్నడూ మరవలేదు. వలల పనికి కొత్తగా వచ్చినప్పుడు చందూరులో ఒక ఇంటి దగ్గర మరిచాడు. మూడో రోజు వాసన వస్తోందని పిలిచారు. పోయి చూస్తే లోపల పిల్లలు చచ్చి ఉన్నాయి, తల్లి పావురం బయటి నుంచి వలను కొడుతూనే ఉంది. ప్రతి ముడికీ ఒక ఈక.

కింద, మూడో అంతస్తు గొట్టం వంపులో, రెండు పిల్లలున్నాయి. రెక్కల మధ్య ఇంకా పసుపు నూగు ఉంది. ఎర్రన్న లేచి కూర్చుని బీడీ ముట్టించాడు. రాధాబాయి చుట్టినవాటిలో కంపెనీ వద్దని తిప్పిపంపిన బీడీ అది.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ లక్ష్మీరాజం ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"అయిపోయిందా?"

"మూరెడు ఉన్నది సార్. గిప్పుడు కుట్టద్దు. లోపల పిల్లలున్నయి."

"తీసి అవతల పారెయ్."

"పారేస్తే సస్తయి."

"మరి కుట్టెయ్."

"కుట్టినా సస్తయి. గందుకే కుడ్తలేను."

లక్ష్మీరాజం నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "పావురాలకు వకీలువా నువ్వు?"

"కుట్టేటోన్ని సార్. పన్నెండు రోజులాగితే ఎగిరిపోతయి. గప్పుడు నేనే వచ్చి కుడ్త."

"అంతదాకా ఇంకో పది జొరబడ్తయి."

"ఈ జంట ఉన్నన్ని దినాలు ఇంకోదాన్ని రానియ్యదు."

లక్ష్మీరాజం గొంతు తగ్గింది. "మా ఇంటామెకు మూడు నెలల సంది దగ్గు. ఈ రెట్టల దుమ్ము పడతలేదన్నడు డాక్టర్. నీకు ఆమె కంటే గివే ఎక్కువనా?"

ఎర్రన్న ఇంకోసారి డక్టులోకి తొంగి చూశాడు. బీడీ నేలకు రాసి ఆర్పాడు. సంచీలోంచి తన పాత పంచె తీసుకుని మూడో అంతస్తుకు దిగాడు. లక్ష్మీరాజం వంటింటి కిటికీ డక్టులోకే తెరుచుకుంటుంది. పంచెను రెండు మడతలు వేసి, కిటికీ జాలీకి సందు లేకుండా చుట్టూ కుట్టేశాడు. పక్కగదిలో ఆమె దగ్గుతూనే ఉంది. "పొద్దుమాపు దీన్ని తడుపుండ్రి. కిటికీ తలుపు తియ్యకుండ్రి" అన్నాడు. "అమ్మకు దగ్గు రావద్దు. గవి సావద్దు."

పైకి వచ్చేసరికి లక్ష్మీరాజం తన ఫోన్ అతని చెవి దగ్గర పెట్టాడు. అవతల రాజశేఖర్.

"అన్నా, నువ్వు కుట్టకుంటే నేను వేరేటోన్ని పంపుత. రేపటి సంది నువ్వు రాకు."

"రాను తియ్. కానీ ఇదొక్కటి నాది. ఎవలన్న వచ్చి పట్టీలు బిగిస్తే, నేను వచ్చి కోస్త. గది కూడ చెప్పి పంపు."

ఫోన్ తిరిగి ఇచ్చేసి, దారం ఎక్కించిన దబ్బనాన్ని సందు పక్కన వలకు గుచ్చాడు. "ఇది ఈడనే ఉంటది సార్. దీన్ని ఇడ్సిపెట్టి నేను యాడికి పోత?" అన్నాడు. మెట్లు దిగుతూ రెండుసార్లు ఆగి ఛాతీ రుద్దుకున్నాడు.

సాయంత్రం బోధన్‌లో, రాధాబాయి ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది.

"పని వోయింది" అన్నాడు.

ఎందుకో చెప్పాక ఆమె కత్తెర ఆపకుండానే అడిగింది. "చందూరు పిల్లలు ఇంకా నీ మీదకెల్లి దిగలేదా?"

"దిగలే. పన్నెండో రోజు యాది జెయ్యి, పోవాలె."

ఆరో రోజు పొద్దున ఆమె చాయ్ పెట్టి లేపితే ఎర్రన్న లేవలేదు.

పన్నెండో రోజున రాధాబాయి చెప్పులు వేసుకుంటే చుట్టాలు అడ్డుపడ్డారు. దినాలు కాకముందే గడప దాటొద్దన్నారు. "మాటిచ్చినోడు పోయిండు. మాట పోలేదు" అని ఆమె నిజామాబాద్ బస్సెక్కింది.

తలుపు తీసిన లక్ష్మీరాజం ఆమె చెప్పింది విని తలుపు దగ్గరికి వేసి బయటికి వచ్చాడు. తరువాత ఆమెను డాబా మీదికి తీసుకుపోయాడు. సందు అలాగే ఉంది.

"రాజశేఖర్ మనిషిని పంపిండు, నేనే వద్దన్న" అన్నాడు. "మొన్న పొద్దున ఎగిరినయి చెల్లే. మా ఇంటామె పంచె కుట్టు ఒకటి విప్పి చూసింది."

రాధాబాయి తలూపింది. అయినా బోర్లా పడుకుని, తల లోపలికి పెట్టి, కళ్లారా చూసుకుంది. పుల్లలు, రెట్టలు, ఒక పసుపు నూగు. లేచి దబ్బనం అందుకుంది. బీడీలు చుట్టే వేళ్లకు వల కన్నులు పెద్ద పనేం కాదు. మూరెడూ కుట్టి, ముడి వేసి, దారం పంటితో కొరికింది.

"ఆయన గుర్తు. తీస్కపో" అన్నాడు లక్ష్మీరాజం.

"ఆయనది గాదు సార్, ఫ్యాక్టరీది." మిగిలిన దారంతో ఆమె దబ్బనాన్ని మూల కొక్కేనికి కట్టింది. "ఈడనే ఉండనియ్యి. మళ్ల ఏదన్న లోపల చిక్కితే, కుట్టు విప్పనీకి పనికొస్తది."

ఆమె వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. బిగిసిన వల మూలన, మొన కొంచెం వంగిన దబ్బనం గాలికి పిట్టగోడను తాకుతూ వేలాడుతోంది.