మరక పడని అద్దం

తొమ్మిదేళ్ళ కూతురు జోయా డెంగీతో పోయిన కొన్నాళ్ళకు నతానియేల్ ఫాగింగ్ మిషన్ ఒకటి కొని ఇంటికి తెచ్చాడు. లాలాగూడలో వాళ్ళ వీధికి మునిసిపాలిటీ వాళ్ళు బుద్ధి పుట్టినప్పుడు వచ్చి పొగ కొట్టి పోయేవాళ్ళు. వాళ్ళ దారి చూస్తూ కూర్చోవడం ఇక తన వల్ల కాదనుకున్నాడు. ఆదివారం ఆరాధన అయి ఇంటికి రాగానే చొక్కా మార్చుకుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, మిషన్ భుజాన తగిలించుకుని వీధిలోకి దిగాడు. డీజిలు కంపు కొట్టే తెల్లటి పొగ మురిక్కాలవ మీదా, చెట్ల మీదా, ప్రహరీల మీద పాకిన మల్లెతీగల మీదా కమ్ముకుంది.

మొదట్లో జనం తలుపులు బిడాయించుకుని దగ్గుతూ తిట్టుకున్నారు. బిడ్డను పోగొట్టుకున్న మనిషిని ఏమంటాం అని ఊరుకున్నారు. రానురాను వాళ్ళే "అన్నా, మా సందులకు సుత జెర రా" అని పిలవసాగారు. అతను మిషన్ కింద పెట్టగానే పక్కింటి యేసురాజు భార్య చాయ్ పంపేది. నతానియేల్ పొగతో ఆగలేదు. ఇంటింటికీ వెళ్ళి కూలర్లలో నిలవ నీళ్ళు ఒంపేవాడు. పూలకుండీల కింది పళ్ళాలు బోర్లించేవాడు. ఎవరి మేడమీదైనా పాత టైరు కనిపిస్తే ఇంటాయనతో పోట్లాటకు దిగేవాడు. అలా ఏళ్ళు గడిచాయి.

ఇంట్లో మాత్రం మాటలు తగ్గిపోయాయి. భార్య బ్యూలా బడిలో జోయా వయసు పిల్లలకే పాఠాలు చెప్పి వచ్చి వంటలో పడిపోయేది. ఒకరోజు వంటింటి కిటికీ దగ్గర నిలబడి అంది.

"మునగచెట్టు ఈసారీ పూత పూసి రాల్చేసిందండీ. ఒక్క కాయ నిలవలేదు. ఇదివరకు పూత వచ్చిందంటే తుమ్మెదలు ముసురుకుని ఈ కిటికీ తెరవనిచ్చేవి కాదు."

"నీళ్ళు చాలక అయ్యుంటుంది."

"నీళ్ళు పోస్తూనే ఉన్నాను" అని ఆమె పనిలో పడిపోయింది.

నతానియేల్ గజ్వేల్ దగ్గర ఓ జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాడు. రోజూ కారులో వెళ్ళి వస్తాడు. లెక్కల లెక్చరర్ సత్యదేవ్ దారిలో కార్ఖానా బస్టాపు దగ్గర ఎక్కి, సాయంత్రం అక్కడే దిగుతాడు. వానాకాలంలో ఒక సాయంత్రం తిరిగొస్తూ, మసక పడుతుండగా నతానియేల్ హెడ్‌లైట్లు వేశాడు. సత్యదేవ్ సీట్లో ముందుకు వంగి అద్దం వైపు అదేపనిగా చూశాడు.

"సార్, మనం ఈ రోడ్డు మీద తిరుగుడు షురూ చేసినప్పుడు గీ టైముల అద్దం ఎట్లుండె, యాదున్నదా?"

"పురుగులుండేవి."

"వైపర్ వేస్తే ఇంకింత పాడయ్యేది. పచ్చపచ్చగ, జిగటజిగటగ. బండి ఆపి తుడుచుకుంటే తప్ప ముందర రోడ్డు కనవడకపోయేది. ఇప్పుడు జూడుండ్రి. ఈ వానకాలం ఒక్కసారన్న తుడిచినమా?"

నతానియేల్ చూశాడు. ఎండిన వాన చుక్కల జాడలు తప్ప అద్దం మీద ఏమీ లేదు. గుండెల మీద నుంచి ఏదో బరువు కొంచెం జరిగినట్టనిపించింది. "మంచిదే కదా సార్" అన్నాడు.

"నాకైతే భయమైతున్నది."

"పురుగులు లేకపోతే భయమెందుకు?"

"మీరు లాలాగూడల పొగ కొడుతున్నరు. మరి ఈడ ఎవరు కొట్టిన్రు?"

అనేశాక జోయా సంగతి గుర్తొచ్చిందేమో, సత్యదేవ్ తల పక్కకు తిప్పుకున్నాడు. ఒకప్పటి మొక్కజొన్న చేలలో ఇప్పుడు వెంచర్ల హద్దురాళ్ళు, వాటి మీద తెల్లటి ఫ్లడ్‌లైట్లు. మిగిలిన కాస్త పొలాల్లోంచి పురుగుమందు వాసన.

ఆ మరుసటి వారం యేసురాజు కూతురు హదస్సాకు జ్వరం వచ్చింది. ఆ పిల్ల జోయా కంటే కాస్త చిన్నది, ఇద్దరూ ఒకే బడికి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు పదో తరగతి. కళ్ళ వెనక పోటు పెడుతోందని ఏడుస్తుంటే నతానియేల్ నుదుటి మీద చెయ్యి వేసి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఆ వేడి అతనికి తెలిసిన వేడే. తనే కారు తీసి ఆసుపత్రిలో చేర్పించాడు. డెంగీ అన్నారు. ఇంటికొచ్చి నీళ్ళయినా తాగకుండా మిషన్ అందుకుని, మందు అయిపోయేదాకా వీధంతా పొగ కొట్టాడు.

మర్నాడు పొద్దున బ్యూలా పెరట్లోంచి పిలిచింది.

"ఏమండీ, ఒకసారి ఇలా రండి."

మెట్ల కింద నీలం ప్లాస్టిక్ డ్రమ్ము దగ్గర ఆమె వంగి నిలబడి ఉంది. పగిలిన మూత చేతిలో ఉంది. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆ తేట నీళ్ళలో సన్నటి నల్లటి పురుగులు వంకర్లు తిరుగుతూ పైకీ కిందికీ ఈదుతున్నాయి.

అది కారు అద్దం కడగడానికి పెట్టిన డ్రమ్ము. అతను కాలేజీ నుంచి రాగానే జోయా పాత పేపర్లు పట్టుకుని ఎదురొచ్చేది. అద్దానికి అతుక్కున్న పురుగుల్ని వేలితో చూపిస్తూ, ఇదేంటి నాన్నా, అదేంటి నాన్నా అని అడిగేది. ఒకసారి పసుపు సీతాకోకచిలుక రెక్క వైపర్ కింద ఇరుక్కుంటే, చిరగకుండా తీయడానికి ఎంతోసేపు తంటాలుపడి, చివరికి చిరిగిందని ఏడ్చింది. ఆ పిల్ల పోయాక డ్రమ్ము తీసెయ్యడానికి అతనికి చేతులు రాలేదు. పగిలిన మూతలోంచి వాన నీళ్ళు పడుతూ అది నిండుగానే ఉంది. ఊరందరి కూలర్లూ వెతికినవాడు ఆ మూత మాత్రం ఎప్పుడూ ఎత్తి చూడలేదు.

గేటు చప్పుడైంది. యేసురాజు కూతురి బట్టలు తీసుకుపోవడానికి ఇంటికొచ్చి, వీళ్ళను చూసి ఇటు వచ్చాడు. చేతిలో సంచీ ఉంది. వంగి డ్రమ్ములోకి చూశాడు.

"ఇది దేనికన్నా?"

"కారు అద్దం కడగడానికి."

"ఆఖరుసారి ఎప్పుడు కడిగినవ్?"

నతానియేల్ ఆలోచించాడు. పోయిన వానాకాలమా, అంతకు ముందుదా? ఎంత వెనక్కి వెళ్ళినా గుర్తురాలేదు. అద్దం మీద మరక పడితే కదా కడగడం.

"మా ఇంట్ల కూలర్ నీళ్ళు నువ్వే ఒంపినవ్ కదన్నా" అన్నాడు యేసురాజు. గొంతు పెంచలేదు. సంచీ రెండో చేతికి మార్చుకుని వెళ్ళిపోయాడు.

బ్యూలా డ్రమ్మును ఒక్కతే పట్టి వంచింది. నీళ్ళు గచ్చు మీద పారి మట్టిలో ఇంకిపోయాయి.

"తుమ్మెదలు పోయాయి, తూనీగలు పోయాయి, వాటిని తినే పిట్టలు పోయాయి" అంది. "ఈ దోమ ఒక్కటే మిగిలింది. అదీ మనింట్లో."

అతను ఖాళీ డ్రమ్మును బోర్లించాడు.

హదస్సా బతికింది. ప్లేట్‌లెట్లు ఎక్కించారు. రోజుల తరబడి ఐసీయూలో ఉంచి పంపారు. ఆసుపత్రి నుంచి యేసురాజు వాళ్ళు లాలాగూడకు రాలేదు. తిన్నగా బొల్లారంలో అత్తగారింటికి వెళ్ళిపోయారు. పక్కింటికి తాళం పడింది.

కాలనీ వాళ్ళు భయపడి సమావేశం పెట్టారు. ఇక నుంచి రోజూ పొగ కొట్టాలన్నాడు సంఘం అధ్యక్షుడు తిరుమల్.

"వద్దు" అన్నాడు నతానియేల్. "పొగకి నీళ్ళలో ఉన్నది చావదు. బయట ఎగిరే మిగతావన్నీ చస్తాయి."

"మీరే అట్లంటే ఎట్ల సార్? మాకు నేర్పింది మీరే గదా."

తిరుమల్ మనుషుల్ని పంపి మిషన్ పట్టుకుపోయాడు. ఆ సాయంత్రం నుంచి పొగ కిటికీ సందుల్లోంచి వాళ్ళింట్లోకే రావడం మొదలైంది.

ఒక ఆదివారం బ్యూలా చీర మార్చుకుని వచ్చి, "బొల్లారం వెళ్ళి ఆ పిల్లను చూసొద్దాం పదండి" అంది. వెళ్ళారు. యేసురాజు భార్య కుర్చీలు వేసి మంచినీళ్ళిచ్చింది. యేసురాజు పెరట్లోనే ఉండిపోయాడు. హదస్సా మొహం చిక్కి, జుట్టు పలచబడి ఉంది. బ్యూలా ఆ పిల్ల చేయి పట్టుకుని కాసేపు కూర్చుంది. హదస్సా నతానియేల్‌ను చూసి నవ్వబోయి, తండ్రి ఉన్న పెరటి వైపు చూసి తల దించుకుంది.

తిరుగు దారిలో అతను కారును లాలాగూడ వైపు కాకుండా షామీర్‌పేట వైపు మళ్ళించాడు. చెరువు దాటి, ఇంకా వరి మిగిలివున్న చోట రోడ్డు దించి ఆపాడు. చీకటి పడుతోంది. హెడ్‌లైట్లు వెలిగించి, ఇద్దరూ దిగి ఆ వెలుగు పక్కన నిలబడ్డారు. వాన వెలిసి గాలి తడిగా ఉంది. అలాంటి సాయంత్రం దీపం కనిపిస్తే చాలు, ఉసుళ్ళు మీద పడేవి.

లారీలు పోతున్నాయి. లైట్ల వెలుగు వరి మీదుగా దూరం దాకా పరుచుకుని ఉంది. అందులో ఏదీ కదలడం లేదు.

"వస్తాయంటారా?" అంది బ్యూలా.

చాలాసేపు చూసి ఆమె వెళ్ళి కారులో కూర్చుంది. నతానియేల్ మాత్రం లైట్లు ఆర్పకుండా అలాగే నిలబడ్డాడు.