రాలేదన్న ఉత్తరం

బేతంచెర్లలోని ఒక మిషన్ హైస్కూల్లో యేసుప్రసాద్ ఇరవై రెండేళ్లుగా గుమాస్తా. బడికి మొదటి కంప్యూటర్ వచ్చినప్పుడు దాన్ని నేర్చుకున్నది ఆయనొక్కడే. అప్పటినుంచి పిల్లలెవరు పైచదువులకు దరఖాస్తు పెట్టినా ఆయనే నింపి, బడి ఈమెయిలే ఇచ్చేవాడు.

ఒక సోమవారం, ఎప్పుడూ వాడే పాత సాఫ్ట్‌వేర్లో మెయిల్ తెరవబోతే పాస్‌వర్డ్ తప్పని వచ్చింది. ఎన్నిసార్లు కొట్టినా అదే. అడగాలంటే కొత్తగా చేరిన స్తుతి టీచర్ ఉంది. కూతురి వయసు పిల్లను అడగడానికి ఆయనకు నోరు రాలేదు.

హంపమ్మ బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని దిగి రోజూ ఆఫీసు గది దగ్గర ఆగేది. కూతురు సుప్రజకు కడపలో నర్సింగ్ సీటు కబురు రావాలి.

"ఏమన్నా వచ్చిండాదా సార్?"

చూస్తున్నట్టే రెండు మీటలు నొక్కి, "ఇంగా రాలేదమ్మా" అనేవాడు.

తొమ్మిది రోజులు అలాగే అన్నాడు. పదో రోజు, పంపిన మెయిల్‌కు జవాబేదని జిల్లా ఆఫీసు నుంచి హెడ్మాస్టరుకు ఫోనొచ్చింది. ఇక దాచలేక స్తుతిని పిలిచాడు.

"పాస్‌వర్డ్ సరిగ్గానే ఉండాది సార్. మెయిల్ కంపెనీవాళ్లు భద్రత పెంచి, ఇట్లాంటి పాత సాఫ్ట్‌వేర్లను ఆపేసినారు" అంటూ ఆమె బ్రౌజర్లో తెరిచింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

కాలేజీ ఉత్తరం వచ్చి వారమైంది. సుప్రజ సర్టిఫికెట్లతో నిన్నటిలోగా రావాలట. ఫోన్ చేస్తే, సీటు ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. ఎంత బతిమాలినా వినలేదు.

సాయంత్రం హంపమ్మ ఇంటికి వెళ్లాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఉత్తరం వచ్చిందమ్మా. నాకు తెరవను చేతకాలేదు. ఆ మాట చెప్పను సిగ్గై, రాలేదని అబద్ధం చెప్తా వచ్చినా. సీటు పోయింది."

సుప్రజ గడపలోకి వచ్చింది.

"చేతకాలేదని ఒక్క మాట చెప్పి, ఆ పాస్‌వర్డ్ ఇచ్చింటే, నా ఫోన్లో నేనే చూసుకుంటాంటి కద సార్."

ఆ గొంతులో కోపం లేదు. హంపమ్మ లోటాతో నీళ్లు తెచ్చిచ్చింది. ఆయన తాగకుండానే లోటాను అరుగు మీద పెట్టి వెనుదిరిగాడు.

మర్నాడు జరిగిందంతా కాగితం మీద రాసి హెడ్మాస్టరుకు ఇచ్చాడు. తర్వాత స్తుతి పక్కన కుర్చీ వేసుకుని, "మొదట్నించి నేర్పియ్యమ్మా" అన్నాడు.

మరుసటి ఏడు సుప్రజకు కర్నూలులో సీటొచ్చింది. దారిలో ఎదురైనప్పుడు హంపమ్మ ఆ సంగతి నవ్వుతూ చెప్పింది. "శానా సంతోషమమ్మా" అన్నాడు యేసుప్రసాద్, ఆమె ముఖంలోకి చూడలేక.