సెకండాఫ్‌లో లేని సీను

ఆస్పత్రి కౌంటర్లో పొద్దుట్నుంచీ చీటీలు రాసి రాసి, ఇంటికొచ్చి గిన్నెలు తోమి, అప్పుడు పుస్తకం ముందేసుకునే మనిషిని ఇంట్లో అందరూ 'డిగ్రీ' అని పిలిచేవారు. డిగ్రీ ఇంకా రాలేదు. పేరు మాత్రం ముందే వచ్చేసింది. పుట్టింట్లోగానీ అత్తింట్లోగానీ పట్టా పుచ్చుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ ఏడాది ఆఖరి పేపరు గట్టెక్కితే ఆవిడే మొదటిది.

ఆ పేపరుకి ఓ వ్యాసం రాయాలి. పాఠ్యపుస్తకంలో ఉన్న నవలకీ, దాన్ని పట్టుకుని తీసిన సినిమాకీ పోలిక. నవల ఆవిడ చదివేసింది. అన్నదమ్ములిద్దరు ఇల్లు పంచుకుని నడిమధ్య గోడ కట్టుకున్న కథ. చిన్నప్పటి అలవాటు కొద్దీ పైకి చదివితేగానీ ఆవిడకి బుర్రకెక్కదు. అందుకని అత్తగారికీ ఆ కథంతా వచ్చేసింది.

చిక్కల్లా సినిమాతోనే. వారమంతా డ్యూటీ, ఆదివారం క్లాసు. ఉన్న సెలవులన్నీ కిందటి పరీక్షలకే హరించుకుపోయాయి. సినిమాకేమో హాల్లో ఇదే ఆఖరి వారం, ఫోనులోకి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు.

"నాకు మంగళవారం ఆఫ్ ఉందిగా. నేను చూసొచ్చి చెప్తాలే," అన్నాడు మొగుడు. సిటీ బస్సు నడుపుతాడాయన.

"మీరా? మీకు సినిమా అంటేనే తలనొప్పి కదండీ."

"నీ చదువుకోసం ఆ మాత్రం తలనొప్పి పడలేనా?"

మంగళవారం సాయంత్రం ఆవిడ పెన్నూ కాగితాలూ పట్టుకుని కూచుంది. ఆయన ఎదురుగా కూచుని, రోడ్డు మీద చూపు పెట్టినట్టే గోడకేసి చూస్తూ చెప్పాడు. ఫస్టాఫ్ గబగబా చెప్పేశాడు. ఎవరు ఎవర్ని తిట్టారు, పాట ఎక్కడొచ్చింది, అన్నీ. సెకండాఫ్ దగ్గరికొచ్చేసరికి కాస్త ఆగాడు.

"గోడ కట్టేశాక పెద్దాడు రోజూ పనినుంచి వస్తాడు. లోపల వాళ్ళావిడ మిషను కుడుతూ ఉంటుంది. ఆ చప్పుడు బయటికి వినిపిస్తుంది. వీడు లోపలికెళ్తే ఆవిడ కుట్టేది మధ్యలోనే వదిలేసి లేస్తుంది, అన్నం పెట్టడానికి. అందుకని వెళ్ళడు. మెట్ల మీద కూచుంటాడు, చప్పుడు ఆగేదాకా."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఆగాక వెళ్తాడు."

"మరి గోడ?"

"గోడ ఉంటుంది. ఎక్కడికి పోతుంది?"

ఆవిడ రాయడం ఆపి మొగుడివంక చూసింది. నవల్లో ఆ పెద్దకోడలు మిషను కుడుతుందని ఒకేఒక్క వాక్యం ఉంది. ఆ వాక్యం మీదుగా తను ఎన్నిసార్లు దాటిపోయిందో! సినిమావాళ్ళు ఎంత బాగా పట్టుకున్నారు అనుకుంది. ఒళ్ళు హూనమైపోయి ఉన్నా కూచుని వ్యాసం పూర్తిచేసింది. నవల గోడను చూసిందనీ, సినిమా గోడకి ఇవతల అలిసిపోయిన మనుషుల్ని చూసిందనీ రాసింది. తను అంత బాగా రాయగలదని ఆవిడకే తెలీదు.

ఆదివారం క్లాసులో మేడమ్ ఒక్కొక్కళ్ళనీ లేపి రాసింది పైకి చదివించారు. అది మేడమ్ పద్ధతి. కాపీ కొట్టినవాడు రెండో పేజీలో తడబడతాడని నమ్మకం. డిగ్రీ తడబడలేదు. మెట్ల సీను దగ్గర కాస్త నెమ్మదించి మరీ చదివింది.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఈ సినిమా ఏ హాల్లో ఆడిందక్కా? మేం చూసినదాంట్లో పెద్దాడు పలుగు పట్టుకుని, వానలో పాట పాడుతూ గోడ పగలగొడతాడే!"

క్లాసంతా ఘొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. "కూచోమ్మా," అని, అందరూ వెళ్ళాక పిలిచారు.

"సినిమా చూశావా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "లేదు మేడమ్. మా ఆయన చూసొచ్చి చెప్పారు."

"ఇప్పుడైనా చూసి రాద్దువుగానీ అందామంటే, హాల్లోంచి తీసేశారు. చూడని సినిమా మీద రాసినదానికి నేను మార్కులెలా వెయ్యను? వేస్తే మిగతావాళ్ళకి అన్యాయం." మేడమ్ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు. ఆవిడా అలిసిపోయే ఉన్నారు. "వచ్చే ఏడాది ఈ ఒక్క పేపరూ మళ్ళీ రాయి. నాకూ బాధగానే ఉంది."

ఇంటికి నడిచొస్తుంటే ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికీ ఓపిక ఉండాలి. గుమ్మంలో చెప్పులు విప్పి తిన్నగా మొగుడి ముందు నించుంది.

"నిజం చెప్పండి. సెకండాఫ్ చూశారా?"

ఆయన తల దించుకున్నాడు. "ఇంటర్వెల్ దాకా చూశాను. తర్వాత ఏసీ చల్లగా తగిలింది. కళ్ళు తెరిచేసరికి చీపుర్లు పట్టుకుని ఊడుస్తున్నారు."

"వాడంతే! పెళ్ళిపీటల మీదే కునుకు తీశాడు," అంది అత్తగారు మంచం మీంచి. "నువ్వు తల దించుకుని చూళ్ళేదు, అంతే."

"మీరుండండి అత్తయ్యా. ఏమండీ, నిద్రపోయానని చెప్పొచ్చుగా? ఏడాది పోయిందండీ నాకు! అందరూ నవ్వారు."

"నువ్వు పెన్ను పట్టుకుని అలా కూచుంటే ఎలా చెప్పను? ఏదో ఒకటి చెబితే సరిపోతుందనుకున్నా."

"ఏదో ఒకటా? ఆ మెట్ల సీను ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది మరి?"

ఆయన గుమ్మం బయట మెట్టుకేసి చూశాడు. అత్తగారే అందుకుంది.

"ఎక్కణ్ణుంచేమిటే? రోజూ చేసేదేగా! నువ్వు లోపల పాఠం అప్పజెప్పుకుంటుంటే వచ్చి బయట మెట్టు మీద చతికిలబడతాడు. కిటికీలోంచి నాకు వీపు కనిపిస్తూనే ఉంటుంది. లోపలికి రారా అంటే, నోటిమీద వేలేసి ఉష్ అంటాడు."

డిగ్రీ కుర్చీలో కూలబడింది. తను చదవడం ఆపిన కాసేపటికే రోజూ ఆయన తలుపు తోసుకుని రావడం గుర్తొచ్చింది. టైముకి వచ్చే మనిషని అందరికీ గొప్పగా చెప్పుకునేది. దినమంతా స్టీరింగు తిప్పిన మనిషి, ఇంటిముందుకొచ్చి ఇంట్లోకి రాకుండా!

జాలేసింది. కోపం మాత్రం పోలేదు. రెండూ ఒకే కడుపులో పక్కపక్కనే కూచున్నాయి.

"నావల్లే పోయింది కదూ," అన్నాడాయన.

"మీవల్లే. సగం నావల్ల కూడా. చూడందాన్ని చూసినట్టు రాశాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంకో ఏడాది చదవాలి. ఏడాది పొడుగునా బయటే కూచుంటారా?"

"వస్తే నువ్వు లేస్తావుగా."

"లేవను. అన్నం గిన్నె ఎక్కడుంటుందో తెలీదా మీకు?"

"ఎందుకు తెలీదు?" అన్నాడు. కాస్త ఆగి, "కూర గిన్నే తెలీదు," అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఆవిడ మొదటి పేజీ నుంచి మళ్ళీ మొదలెట్టింది. అక్షరాలు కళ్ళముందు అలుక్కుపోతున్నాయి. తలుపు తెరుచుకుంది. అలవాటు చొప్పున కాళ్ళు లేవబోయాయి. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని కూచుని, చదువుతూనే ఉంది. వంటింట్లో మూత కింద పడింది. ఇంకోటి పడింది.

"ఇల్లు పీకి పందిరేస్తున్నాడే వీడు!" అంది అత్తగారు.

ఆవిడ వాక్యం తప్పిపోయి, మళ్ళీ వెతుక్కుని చదివింది. ఆయన కంచం పట్టుకొచ్చి, ఆమడ దూరంలో కాదు, పక్కనే నేలమీద కూచున్నాడు.

"ఈ పెద్దకోడలు మాట్లాడదా అసలు?" అన్నాడు నోట్లో ముద్దతో.

"మాట్లాడుతుంది. ముందు నిద్రపోకుండా వినండి."