పెట్టె మీద బొట్టు

దేవరాజు నిచ్చెన మీద నిలబడి, గంట కిందట తానే బిగించిన నట్లు విప్పుతున్నాడు. కింద సూపర్‌వైజర్ మహిపాల్ సెల్‌ఫోన్‌లో ఫోటో పై ఆఫీసుకు పంపించి, దించెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. వనపర్తి దగ్గరి ఆ బడికి ఇంటర్నెట్ వచ్చినట్టు కాగితాల్లో తేలిపోయింది. గోడకు తగిలించే నల్లటి ఇనుప పెట్టె మళ్లీ జీపెక్కింది.

ఉన్నది అదొక్కటే పెట్టె. ముందు అద్దం తలుపు, పక్కన తాళం, నెట్టు సామాను ఉండాల్సిన లోపల గాలి తప్ప ఏమీ లేదు. నాగర్‌కర్నూలు నుంచి గద్వాల దాకా ఏ బడి గోడకైనా అదే ఎక్కుతుంది, ఫోటో కాగానే దిగుతుంది. మిగతా పెట్టెలు ఏమయ్యాయో కాంట్రాక్టరుకు తెలుసు, మహిపాల్‌కు కొంత తెలుసు. దేవరాజుకు తెలుసుకోవాలని లేదు.

ఫోటోకు రెండు బోల్టులు చాలని మహిపాల్ ఎంత మొత్తుకున్నా అతను నాలుగూ కొట్టేవాడు. వయసంతా ముంబైలో పరంజాల మీద అరగదీసిన చేతులు. అరచేతులు సిమెంటు తిని పగిలాయి, బొటనవేలి గోరు నల్లబడిపోయింది. వదులుగా బిగించడం ఆ చేతులకు రాదు. పెట్టె పోయాక మిగిలిన బోల్టులకు పంతుళ్లు గొడుగులు తగిలించుకుంటారు. ఈ ఊళ్లకు అతను చేసిన మేలు అంతే.

ఇంట్లో మాత్రం ఊరూరికీ నెట్టు ఇస్తున్నానని చెప్పాడు. ఇటిక్యాల దగ్గర తమ ఊరి బడిలో వంట చేసే భార్య తిరుపతమ్మ నమ్మింది. నాట్లకు పోయే ఆడవాళ్లందరికీ చెప్పుకుంది. ఒక్క మనిషి దగ్గరైనా తనకు విలువ ఉందని అతనికి లోపల్లోపల గర్వం.

బీచుపల్లి వంతెన దాటాక మహిపాల్ తరువాతి బడి పేరు చెప్పాడు. అది తన ఊరి బడే. ఒంట్లో బాగలేదు, రేపు చూద్దామన్నాడు దేవరాజు. మహిపాల్ వినలేదు.

పెట్టె వస్తుందని బడికి కబురు రావడంతో తిరుపతమ్మ అప్పటికే గోడకు సున్నం కొట్టి ఉంచింది. పెట్టె ఎక్కగానే కొంగుకు చేతులు తుడుచుకుని, కొత్త వస్తువుకు చేసినట్టే దానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. ఫోటో అయింది. బొట్లు తుడవకపోతే తరువాత తీసే రాజోలి బడి ఫోటోలో అదే పెట్టె అని పట్టుబడతామని మహిపాల్ దేవరాజు చెవిలో చెప్పాడు.

దేవరాజు మళ్లీ నిచ్చెనెక్కాడు. ఇంకా గట్టిగా బిగిస్తాడనుకుని ఆమె నిచ్చెన పట్టుకుంది. అతను పెట్టె దించి, భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. పసుపు పోలేదు. ఉమ్మి తడిచేసి రుద్దాడు.

తిరుపతమ్మ చూస్తూ నిలబడింది.

"అన్ని ఊర్లల్ల గిట్లనే చేస్తుంటివా?"

అతను రుద్దుతూనే ఉన్నాడు.

"నాకొక్కదానికన్న చెప్తే కాదా. అందరికి చెప్పుకుంటి గద నేను."

"పోయొస్త" అన్నాడు. సిగ్గుతో ఆ ఒక్క మాటే వచ్చింది.

రాజోలిలో ఫోటో అయ్యాక అతను జీపెక్కలేదు. కర్నూలు పోయి ముంబై బస్సెక్కాడని మరునాడు మహిపాలే ఫోన్ చేసి చెప్పాడు. తిరుపతమ్మ సరేనని, పొయ్యి మీది అన్నం చూసుకోవడానికి వెళ్లింది.

బడి గోడకు నాలుగు బోల్టులూ గట్టిగానే ఉన్నాయి. ఒకదానికి అతను తగిలించి మరిచిపోయిన తువ్వాలు, పసుపు కుంకుమ మరకలతో వేలాడుతోంది.