ఝాన్సీ రాసిన ఆరు వాక్యాలు

ఆదివారం మధ్యాహ్నం మూడుంబావుకి తారకేశ్వరరావు ఆరు వాక్యాలు చెరిపేశాడు. నాలుగింటికల్లా ఆ నింద ఇంకొకరి నెత్తిన పడింది.

టెక్కలిలో కాపురం. నలభై ఏడేళ్లు. ఒక సర్కారు ఆఫీసులో పింఛన్ల సెక్షన్ చూసే సీనియర్ అసిస్టెంటు. పీజీ ఉంటే ప్రమోషన్‌కి అక్కరకొస్తుందని ఎవరో అంటే, ఆన్‌లైన్‌లో గ్రామీణాభివృద్ధి ఎం.ఏ.లో చేరాడు. పాఠాలు వినడం కష్టం కాలేదు. చిక్కంతా గ్రూపు ప్రాజెక్టుతో వచ్చింది. ముగ్గురు కలిసి ఒకే రిపోర్టు రాయాలి.

అతనికి జతపడ్డ ఇద్దరూ పాతికేళ్ల లోపువాళ్లు. అభిరామ్‌ది నందిగాం, తండ్రితో కలిసి జీడితోట చూసుకుంటాడు. ఝాన్సీది పూండి దగ్గర పల్లె, రోజూ పలాస వెళ్లి జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరుతుంది. ఇద్దరినీ వీడియోలో తప్ప చూడలేదు. వాళ్లకి అతను గవర్నమెంటు సార్. ఏ ఆఫీసని వాళ్లు అడగలేదు, అతను చెప్పలేదు.

రిపోర్టు జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల గురించి. నెట్‌లో ఒకే ఫైలు, ముగ్గురికీ తెరుచుకుంటుంది. తారకేశ్వరరావు దాన్ని ఆఫీసు ఫైల్లాగే చూశాడు. కిందివాళ్లు డ్రాఫ్టు పెడతారు, పైవాడు కొట్టేసి దిద్దుతాడు, ఫెయిర్ కాపీ వెళ్తుంది, చిత్తు కాయితం బుట్టలో పడుతుంది. ఇరవై రెండేళ్లుగా కలిసి పనిచేయడమంటే అతనికి తెలిసింది అదే. మొదటి వారమే ఝాన్సీ రాసిన 'చేతులు పొక్కిపోతాయి' అన్న మాటని 'చర్మ సంబంధ సమస్యలు తలెత్తుచున్నవి' అని మార్చేశాడు.

"మావోలు అలగ అనరు సార్," అంది ఝాన్సీ నవ్వుతూ.

"ఇది రిపోర్టు అమ్మా, కబుర్లు కాదు."

"సారు మన రిపోర్టుకి పట్టుపంచె కట్టీసినారు," అని అభిరామ్ పడీపడీ నవ్వాడు.

ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆ రిపోర్టు పంపాలి. మూడింటికి చివరిసారి చూద్దామని తెరిచాడు. ఝాన్సీ భాగంలో కొత్తగా ఆరు వాక్యాలున్నాయి.

'జీడితొక్క రసానికి మా అమ్మ నూకరత్నం వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. నాన్న పోయాక పింఛను కోసం ఆఫీసుకి వెళ్తే, మిషన్ మీద ఆమె వేలిముద్ర పడలేదు. చేతులు కడుక్కుని రా అన్నారు అక్కడి సార్. కొబ్బరినూనె రాసుకుని మళ్లీ వెళ్లింది. నాలుగుసార్లు తిప్పి పంపారు. ఐదోసారి అమ్మ వెళ్లలేదు.'

ఆఫీసు పేరు లేదు. సార్ పేరు లేదు. అక్కర్లేదు కూడా. చదువుతున్నది ఆ సారే.

ఆవిడ గుర్తొచ్చింది. నల్లగా కమిలిన వేళ్లు చీరకి తుడుచుకుంటూ కిటికీ అవతల నిలబడ్డ మనిషి. ఆ ఆరు వాక్యాల్లో లేనిది ఇంకొకటి గుర్తొచ్చింది. వేలిముద్రలు పడనివాళ్ల కోసం కంటిపాప చూసి పోల్చుకునే మిషన్ ఆఫీసుకొచ్చి ఏడాది అయింది. ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. పెట్టె బీరువాలో, బీరువా తాళం తన సొరుగులో. బయటికి తీస్తే బిగించాలి, నేర్చుకోవాలి, ఆ పనంతా తనకే చుట్టుకుంటుంది. అందుకే తీయలేదు.

వంటింట్లోంచి భార్య సీత ఏదో అడిగింది, వినపడలేదు. ఆరు వాక్యాలూ ఒక్క ఊపున చెరిపేశాడు. చిత్తు కాయితం బుట్టలో పడిందనుకున్నాడు.

నాలుగింటికి ముగ్గురూ వీడియోలోకి వచ్చారు. ఝాన్సీ మొహం పాలిపోయి ఉంది.

"అభీ, అమ్మ గురించి రాసింది కనబడ్డం నేదు. నీకేటైనా కనబడతందా?"

"నేదే! పొద్దున్న సూసినాను, ఉంది. ఏటి సేసినావు?"

"మజ్జాన్నం ఫోన్లో దిద్దినాను. నా సెయ్యే తగిలీసుంటాది. సార్, తప్పయిపోనాది. బేగి మల్లీ రాసిత్తాను, అరగంట సాలు."

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పాడు, ఇంకోరకంగా.

"వద్దులేమ్మా. ఒక్క మనిషి చెప్పిన మాట ఆధారం కింద నిలబడదు. అది లేకపోయినా రిపోర్టుకి లోటేం లేదు."

ఝాన్సీ తల దించుకుంది. "అలగే సార్. నాకింకా రాయడం రాదు. మీరు సెప్పినట్టే."

ఈలోగా అభిరామ్ తెరకి దగ్గరగా జరిగాడు.

"ఉండండి సార్. మల్లీ రాయడమెందుకు? ఈ ఫైల్లో పాతవన్నీ దాగుంటాయి. ఎవలు, ఎన్ని గంటలకి, ఏటి తీసినారో మొత్తం సూపించీద్ది."

తారకేశ్వరరావుకి అప్పుడర్థమైంది. ఇక్కడ చిత్తు బుట్ట లేదు!

"నొక్కినాను. తిరగతంది... మా ఊరి నెట్టు, ఎడ్లబండి నయం..."

చెప్పడానికి క్షణాలే ఉన్నాయి. పది. ఇరవై. చెప్పలేదు.

"వచ్చీసింది. మూడూ పదిహేను." అభిరామ్ ఇంకోసారి చదివాడు. "సార్... మీ పేరుంది."

ముందు తేరుకున్నది ఝాన్సీయే.

"సార్ దిద్దుతుంటే సెయ్యి తగిలుంటాది. పోన్లెండి, దొరికింది గదా."

దారి చూపించింది పిల్ల. 'అవునమ్మా' అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇందాక తన తప్పు నెత్తినేసుకున్న పిల్లే ఇప్పుడు తనని కాపాడుతోంది. ఇక మింగుడు పడలేదు.

"చెయ్యి తగల్లేదు. కావాలనే తీశాను. మీ అమ్మని తిప్పి పంపిన సార్‌ని నేనే."

ఝాన్సీ తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"అమ్మ మిమ్మల్ని ఒక్క మాటా అననేదు సార్. 'ఆయనేటి సేత్తాడు పాపం, మిసను ఒప్పుకోకపోతే' అంది."

తిట్టి ఉంటే బాగుండేది. ఇక్కడితో ఆపేసినా వాళ్లకి ఎప్పటికీ తెలియదు. తారకేశ్వరరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తెరమీద మొహాలు మసకబారాయి. అప్పుడు చెప్పగలిగాడు. అట్టపెట్టె గురించి, బీరువా గురించి, సొరుగులో తాళం గురించి.

"అమ్మొక్కత్తేనా సార్?" ఝాన్సీ గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు.

"కాదు."

"అయితే రాయండి. నా ఆరు వాక్యాల కిందే రాయండి. ఇద్దరం సూత్తాం."

అభిరామ్ పోయిన వాక్యాలని తిరిగి పెట్టాడు. తారకేశ్వరరావు కళ్లజోడు పెట్టుకుని, 'కొన్ని అనివార్య కారణాల వలన' అని మొదలుపెట్టాడు.

"ఏటి సార్ ఆ కారనాలు?" అంది ఝాన్సీ.

చెరిపేసి, ఉన్నదున్నట్టు రాశాడు. ఒక్కో అక్షరం పడుతుంటే అవతల ఇద్దరూ చదువుతున్నారు. అయిదో వాక్యం దగ్గర అభిరామ్, "మిసను ఏ నెలలో వచ్చిందో ఎయ్యండి సార్," అన్నాడు. వేశాడు.

"రేపు ఫ్యాక్టరీకి సెలవెట్టి అమ్మని తీసుకొత్తాను," అంది ఝాన్సీ. "పదింటికి."

"నానూ వత్తాను," అన్నాడు అభిరామ్. "బిగించడం నాను సూసుకుంటాను. ఇదీ గ్రూపు పనే గదా."

"తీసుకురామ్మా," అన్నాడు తారకేశ్వరరావు. "అమ్మకి నువ్వు కాస్త ముందుగా..."

"నాను సెప్పను సార్. మీరే సెప్పాలి."

ఆరింటికి రిపోర్టు వెళ్లిపోయింది. పొద్దున్న పది కావడానికి ఇంకా పదహారు గంటలున్నాయి.