సగటు బరువు

కాంటా మీద నుంచి దేవేందర్ దిగాడు. జాన్ ఎక్కాడు. కోచ్ జలపతి సార్ రెండు అంకెలూ మనసులోనే కూడుకుని, తల అడ్డంగా ఊపి, సంచిలోంచి మందపాటి రెయిన్‌కోటు తీశాడు. తీసి, ఎవరినీ చూడకుండానే జాన్ వైపు చాపాడు.

ఆ చూడకపోవడమే జాన్‌కు ముందు తగిలింది.

ఆసియా పోటీలు, తేలికబరువు డబుల్ స్కల్స్ ఫైనల్. ఒక పడవ, ఇద్దరు మనుషులు, మనిషికి రెండేసి తెడ్లు. పోటీకి ముందు ఇద్దరినీ తూస్తారు. సగటు డెబ్బై కిలోలు దాటకూడదు. ఒకడు కాస్త ఎక్కువున్నా ఫరవాలేదు, రెండోవాడు ఆ మేరకు తగ్గి ఉంటే సరిపోతుంది. రెండేళ్లుగా ఈ పడవలో ఎక్కువుండేవాడు దేవేందర్, తగ్గేవాడు జాన్. అలా ఎవరూ నిర్ణయించలేదు. నిర్ణయించి ఉంటే ఎదురు చెప్పడానికి వీలుండేది.

"ఆరు వందల గ్రాములు ఎక్కువున్నం. అసలు కాంటా ఇంకో గంటల బందైతది," అన్నాడు జలపతి సార్. ఆయనది జగిత్యాల. పటాలంలో ఇన్నేళ్లున్నా మాట మారలేదు. "గిది తొడుక్కొని ఉరుకు జాన్. చెమటల పోతది."

"నేను గిప్పటికే అరవై ఎనిమిది చిల్లరున్న సార్."

"ఉన్నవ్ లే. ఇంకింత ఎండాలె."

దేవేందర్ కుర్చీలో వెనక్కి వాలి కాళ్లు చాపుకున్నాడు. "పోరా తమ్మీ. నీకు చిటికెల పని."

మూడు వారాల కిందట కోరుట్లలో దేవేందర్ చెల్లెలి పెళ్లి జరిగింది. ఫంక్షన్ హాల్లో ఇద్దరూ బంతిలో పక్కపక్కన కూర్చున్నారు. దేవేందర్ విస్తరిలో బగారన్నం, మటన్ కూర. జాన్ విస్తరిలో కీరదోస ముక్కలు. మేడిపల్లి నుంచి పెళ్లికి తరలివచ్చిన చుట్టాలందరినీ పలకరిస్తూ దేవేందర్ తండ్రి పోచయ్య వచ్చి జాన్ ముందు ఆగాడు.

"ఏంది కొడుకా, మేకలెక్క ఆకులు నములుతున్నవ్? ముక్కలెయ్యమందునా?"

"ఆకలైతలేదు కాకా."

"ఇడువు బాపు," అన్నాడు దేవేందర్, ఎముక చప్పరిస్తూ. "వాడు తినకున్నా నడుస్తది. వాళ్ళకు అలవాటే గద."

బంతి అంతా నవ్వింది. జాన్ కూడా నవ్వాడు.

ఆ మాట జాన్‌ను అంతగా బాధించలేదు. అలాంటివి వినడం అతనికి కొత్త కాదు. వదలనిది తన నవ్వు. మాట పూర్తిగా చెవిలో పడకముందే నోరు దానంతటదే తెరుచుకుంది, పెద్దమనిషి వస్తుంటే అరుగు మీది వాడు తనకు తెలియకుండానే లేచి నిలబడ్డట్టు. ఎవరు నేర్పారు దానికి? 'ఆకలైతలేదు' అన్న మాట కూడా తనది కాదు. చందుర్తిలో నాయనమ్మ చిన్నవ్వది. పగలంతా ఊరివాళ్ల పొలంలో నాట్లు వేసి వచ్చి, కుండలో ఉన్నది మనవలకు పెట్టి, ఆ మాటే అనేది. అబద్ధమని ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసే తిన్నారు. జాన్ కూడా తెలిసే తిన్నాడు. ఒకరి ఆకలి మీద ఇంకొకరి కడుపు ఎలా నిండుతుందో అందుకే అతనికి బాగా తెలుసు. చిన్నవ్వ కనీసం తనకు ఇష్టమైన వాళ్ల కోసం పస్తులుంది. తను దేవేందర్ తిన్న మటన్ కోసం పస్తులుంటున్నాడు.

జలపతి సార్ చాపిన రెయిన్‌కోటు ఇంకా గాలిలోనే ఉంది.

కోపం వస్తే ఒళ్లు వణుకుతుందని జాన్ అనుకునేవాడు. ఇప్పుడు చేతులు చాలా నిలకడగా ఉన్నాయి. బల్ల మీద తూకం అయ్యాక తినడానికి పెట్టుకున్న అరటిపండ్లున్నాయి. ఒకటి తీసి తొక్క ఒలిచాడు.

"ఏం చేస్తున్నవ్ రా?" జలపతి సార్ గొంతు పెరిగింది.

"ఆకలైతున్నది సార్."

కొరికాడు. నమిలాడు. మింగాడు. పండు తియ్యగా ఉందో లేదో అతనికి తెలియలేదు.

"పిచ్చి లేసిందారా నీకు? గిప్పుడు ఇంకింత పెరిగె గద! తీసేస్తరు మనల్ని!"

"నా బరువు తక్కువనే ఉన్నది. పెరిగింది ఎవరిదో వాళ్లనే ఉరుకుమను సార్."

దేవేందర్ కుర్చీలోంచి లేచాడు. "నేనా? తెడ్డు లయ పట్టేది నేను. నేనెండితె పడవేం పోతది?"

"నేనెండితె పోతదా?"

"రెండేండ్ల సంది పోతలేదా?"

"కోరుట్లల ఏమన్నవ్ దేవేందర్?"

'అన్నా' లేకుండా జాన్ అతన్ని పిలవడం అదే మొదటిసారి. అది దేవేందర్‌కూ తెలిసింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఏమన్న?"

జాన్ అతని ముఖంలో అబద్ధం కోసం వెతికాడు. లేదు. నిజంగానే గుర్తు లేదు. అబద్ధమైతే కోపానికి కాలు పెట్టే చోటు దొరికేది. తను మూడు వారాలుగా నిద్రలో కూడా మోసిన మాట, అన్నవాడి దగ్గర ఎముకతో పాటే విస్తరిలో ఉండిపోయింది.

"జాన్, మెడల్ పోతది," అన్నాడు జలపతి సార్, ఈసారి బతిమాలుతున్నట్టు. "మీ అక్క చూస్తుంటది."

నిజమే. సిరిసిల్లలో అక్క కళ్యాణి మరమగ్గాల షెడ్డులో ఫోన్ పెట్టుకుని కూర్చుంటానంది. షెడ్డంతా చూస్తారంది. అయినా జాన్ తొక్కను బల్ల మీద పెట్టి, నేల మీద కూర్చుని, గోడకు ఆనుకున్నాడు.

"పోనీ సార్."

జలపతి సార్ చాలాసేపు అతన్నే చూశాడు. రెండేళ్లలో అంతసేపు ఎన్నడూ చూడలేదు. తర్వాత రెయిన్‌కోటును దేవేందర్ మీదికి విసిరాడు.

దేవేందర్ ఎండలో నీళ్ల పక్క రోడ్డు మీద పరుగెత్తాడు. పరుగెత్తుతూ బూతులు తిట్టాడు, కొంతసేపటికి తిట్టడానికి ఊపిరి చాలక మానేశాడు. ఆగి ఉమ్మాడు. మళ్లీ పరుగెత్తాడు. గుమ్మంలో నిలబడి జాన్ అంతా చూశాడు. సంతోషం వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు. ఇంత సులువైన పనా ఇది, ఇంకొకడి చేత పరుగెత్తించడం? మరి తను రెండేళ్లు ఎందుకు ఆగాడు? కోపం ఇప్పుడు దేవేందర్‌ను దాటి తన మీదికే తిరిగింది.

తూకం గది తలుపు మూసే ముందు ఇద్దరూ అసలు కాంటా ఎక్కారు. సరిపోయింది.

పడవలో జాన్ వెనక, దేవేందర్ ముందు. తెడ్లు వేసేవాళ్లు పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. జాన్‌కు కనిపించేది దేవేందర్ వీపు, దాని అవతల వెనకబడ్డ పడవలు. మొదటి సగంలో మూడు పడవలు కనిపించాయి. తర్వాత దేవేందర్ వీపు మెల్లగా వంగడం మొదలైంది. లయ తగ్గింది. ముందువాడు తగ్గితే వెనకవాడూ తగ్గాలి, లేకపోతే తెడ్లు కొట్టుకుంటాయి. జాన్ తొడల్లో ఇంకా బలముంది. ఖర్చు పెట్టడానికి చోటు లేని బలం.

"లాగు!" అని అరిచాడు. "లాగు దేవేందర్!"

వీపు లేవలేదు. చివరికి వెనక రెండు పడవలే మిగిలాయి. ఆరు పడవల్లో వాళ్లది నాలుగో స్థానం.

ఒడ్డున దేవేందర్ మోకాళ్ల మీద కూలబడి పైత్యం కక్కాడు. మూతి తుడుచుకుని తల ఎత్తాడు.

"సల్లబడ్డదా నీ కడుపు?"

"లేదు," అన్నాడు జాన్. "నువ్వు ఒక్కనాడు ఉరికినవ్."

దేవేందర్ జలపతి సార్ వైపు తిరిగాడు. "నాకు వేరేటోన్ని ఇయ్యుండ్రి సార్. వీనితోని నేను ఎక్క."

"ఇయ్యుండ్రి సార్. గని వానికి ముందే చెప్పుండ్రి, గీయన వంతు గూడ ఎండాలె అని," అన్నాడు జాన్.

జలపతి సార్ పడవను షెడ్డులో పెట్టమని చేత్తో చూపించి వెళ్లిపోయాడు.

పడవ మోయడానికి ఇద్దరూ కావాలి. ముందు జాన్, వెనక దేవేందర్. ఎత్తి భుజాల మీద పెట్టుకున్నారు. దారి ఎత్తుగా ఉంది. నాలుగడుగులు వేసేసరికి వెనక అడుగులు తడబడటం పడవలోంచి జాన్ భుజానికి తెలిసింది.

"మెల్లగరా," అన్నాడు దేవేందర్. తర్వాత, "జాన్, మెల్లగ."

జాన్ విన్నాడు. అడుగు తగ్గించలేదు.